ఎత్తు దర్వాజ ఇంటాయన

పోయిన నెల కొత్తకోటలో రోడ్డు వెడల్పు చేస్తూ ఆ ఇంటి ముందు భాగం కూలగొట్టారు. మిషన్ రాకముందే దర్వాజ ఊడదీసుకుపోదామని ఒక వడ్రంగి వచ్చాడు. నిచ్చెన వేసుకుని ఎక్కి, పైకమ్మి మీద చెయ్యి పెట్టి, కింద నిలబడ్డ నన్ను చూసి అడిగాడు.

"గింత ఎత్తు దర్వాజ ఏందమ్మా? ఏ దొర ఇల్లు గిది?"

"దొరది కాదు" అన్నాను.

"మరెవరిది?"

"ఒక ముసలాయనది. ఎన్కట ఫౌజుల పనిచేసిండు. పోయి శానా ఏండ్లాయె."

అతను తలూపి తన పనిలో పడ్డాడు. అంత మనిషిని అంత చిన్న జవాబుతో సరిపెట్టానే అని ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

ఆ ఇంటి ముందు గదిలో నేను కిరాయికి మెస్ నడిపేదాన్ని. హైవే మీద లారీల వాళ్లు, బ్యాంకు వాళ్లు, చుట్టుపక్కల ఫ్యాక్టరీల వాళ్లు మధ్యాహ్నం అన్నానికి వచ్చేవారు. వెనక రెండు గదుల్లో ఆయన ఒక్కడే ఉండేవాడు. భార్య ఎప్పుడో పోయింది. కూతురు మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో నర్సు, ఆదివారం ఆదివారం వచ్చి బట్టలు ఉతికి, మందులు సర్ది వెళ్లేది. నేను మెస్ పెట్టిన కొత్తలో మా చుట్టాల్లో కొందరు "వాళ్ల ఇంట్ల హోటలేంది, ఎవరు తింటరు" అన్నారు. ఆయనది ఒకప్పుడు ఊరి బయట ఉండే కులం, చర్చికి పోయే కుటుంబం. ఆ మాట ఆయన చెవిన పడే ఉంటుంది. నాతో మాత్రం ఏమీ అనలేదు. మొదటి రోజు అందరికంటే ముందు వచ్చి, వాకిట్లోకి కనబడే బల్ల దగ్గర కూర్చుని, నింపాదిగా తిని వెళ్లాడు. ఆ బల్ల అప్పటినుంచి ఆయనదే అయింది.

తొంభై దాటిన ఆరడుగుల మనిషి. అయినా నిట్టనిలువుగా నడిచేవాడు. మెడ ఒంగేది కాదు. ఒంగదో, ఆయన ఒంచడో నాకు చాలా కాలం తెలియలేదు. దర్వాజ అంత ఎత్తున పెట్టించుకున్నది కూడా తల వంచకుండా దాటడానికేనట. మంగలి వస్తే తల వంచమనడం మానుకుని స్టూలు తెచ్చుకునేవాడు. చేతిలోంచి తువ్వాల పడితే అందరిలాగా నడుం వంచి తీసుకునేవాడు కాదు. వీపు నిటారుగానే ఉంచి, మోకాళ్లు టపటపమంటుండగా గొంతుక్కూర్చుని, తీసుకుని, గోడ పట్టుకుని లేచేవాడు. నేను ఉరికి వెళ్లి అందివ్వబోతే కోపమొచ్చేది. చర్చిలో అందరూ తలలు దించి ప్రార్థన చేస్తుంటే ఈయన తల పైకెత్తి, కళ్లు తెరిచి నిలబడేవాడట. కొత్తగా వచ్చిన పాస్టరుకు అది నచ్చక ఒకసారి చెప్పి చూశాడు.

"దేవునికి నా మొకం కనవడొద్దా అయ్యా" అన్నాడట ఈయన. ఆ పాస్టరే నా మెస్‌లో భోంచేస్తూ ఈ మాట చెప్పాడు, నవ్వాలో వద్దో తెలియని ముఖంతో.

ఎదుటివాళ్లు తనకు వంగినా ఓర్చుకునేవాడు కాదు. ఎలక్షన్లప్పుడు ఓట్లకు వచ్చిన ఒక నాయకుడు కాళ్లకు మొక్కబోతే గభాలున వెనక్కి జరిగాడు. ఆ నాయకుడు ముందుకు తూలి అరుగు పట్టుకుని నిలదొక్కుకున్నాడు. అందరం బిగుసుకుపోయాం.

తెలంగాణ వచ్చిన కొత్తలో కలెక్టరాఫీసు వాళ్లు పాత ఫౌజువాళ్లను సన్మానిస్తామని పిలిచారు. కూతురికి సెలవు దొరక్క నన్ను తోడు పంపింది. స్టేజీ మీద ఆఫీసరు శాలువా విప్పి కప్పబోయాడు. ఈయన తల మీదుగా వెయ్యడానికి ఆఫీసరు చేతులు అందలేదు. "కొంచెం వంగండి పెద్దాయనా" అన్నాడు ఆఫీసరు. ఈయన కదల్లేదు. వినబడలేదేమోనని ఇంకొకతను చెవి దగ్గర గట్టిగా చెప్పాడు. ఫొటోలు తీసేవాళ్లు ఆగిపోయారు. శాలువా గాల్లోనే ఉంది. ఆఫీసరు ముఖం ఎర్రబడింది. చివరికి నేనే మెట్లెక్కి, శాలువా అందుకుని ఆయన చేతి మీద వేశాను. ఇంటికి వచ్చాక శాలువా నా చేతిలో పెట్టి, "బియ్యం గంజు మీద కప్పు, దుమ్ము వడకుండ" అన్నాడు.

అన్నం దగ్గర మాత్రం ఆయన తీరే వేరు. ఒక్క మెతుకు విడిచేవాడు కాదు. చివరి ముద్దను గుప్పిట్లో కాసేపు పట్టుకుని, దానికేసి చూసి, అప్పుడు నోట్లో పెట్టుకునేవాడు. ఫౌజు సంగతులు అడిగితే "ఉన్న, వచ్చిన" అనేవాడు, అంతే. ఇంకో సంగతి కూడా ఉంది. ఒకసారి జబ్బు చేస్తే కూతురు కర్నూలు తీసుకుపోదామంది. మా ఊరి నుంచి కర్నూలు దగ్గరే, అలంపూర్ చౌరస్తా దాటి తుంగభద్ర మీద వంతెన ఎక్కితే వచ్చేస్తుంది. ఈయన మంచం పట్టీ గట్టిగా పట్టుకుని, "చస్తె ఈడనే చస్త, నది దాటను" అన్నాడు. ఎందుకని కూతురికీ తెలియదు.

ఇలా ఉండగా, రాష్ట్రం వచ్చి రెండేళ్లు కాకముందే, హైవే పక్క ఫ్యాక్టరీలో కొత్త మిషన్లు బిగించడానికి జపాన్ నుంచి ఒక ఇంజినీరు వచ్చాడు. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. ఫ్యాక్టరీ సూపర్‌వైజర్ ఆలేరు వైపు అబ్బాయి, రోజూ నా దగ్గరే తినేవాడు. అతను ఒక మధ్యాహ్నం ఈ ఇంజినీరును వెంటబెట్టుకొచ్చాడు. నేను పప్పు, కూర, పెరుగు పెట్టాను. కారం ఎక్కువైనా ఇంజినీరు నవ్వుతూనే తిన్నాడు. పోయేటప్పుడు నా ఎదుట నిలబడి, చేతులు తొడలకు ఆనించుకుని, నడుం దాకా వంగి నమస్కరించాడు. లేచి, పక్కకు తిరిగి, వాకిటి బల్ల దగ్గర కూర్చున్న ముసలాయనకు కూడా అలాగే వంగాడు.

ముసలాయన చేతిలో ముద్ద ఉంది. అది అలాగే పళ్లెంలో వదిలేసి లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఆయన పళ్లెంలో అన్నం మిగలడం నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాడు ఇంజినీరు వచ్చే వేళకు ఆయన ముందే వచ్చి కూర్చున్నాడు. ఒళ్లో చేతికర్ర అడ్డంగా పెట్టుకున్నాడు. అన్నం పెట్టనా అంటే వద్దన్నాడు. ఇంజినీరు తింటున్నంతసేపూ రెప్ప వేయకుండా అతన్నే చూశాడు. ఆ పై రోజూ అంతే. కర్ర మీద ఆయన వేళ్లు తెల్లబడేలా బిగిసి ఉండేవి. కూతురికి ఫోన్ చేస్తే, "నాకేం సమజైతలేదక్కా, నువ్వు జర కనిపెట్టుకోని ఉండు" అంది. సూపర్‌వైజర్‌తో వేరే చోట తినమని చెబుదామనుకున్నాను. ఏమని చెప్పాలి? ముసలాయన ఏమీ చేయడం లేదు కదా, చూస్తున్నాడంతే.

ఆ వారం చివర్లో అది జరిగింది. మెస్ నిండా జనం. ఇంజినీరు ఇంకా తింటున్నాడు. ముసలాయన లేచి మధ్యకు వచ్చి, కర్ర నేలకు తాటించి, ఆ బక్క ఒంట్లో అంత గొంతు ఉందని ఎవరూ అనుకోనంత గట్టిగా ఒక మాట అరిచాడు.

"కేరే."

మాకెవరికీ అర్థం కాలేదు. ఇంజినీరుకు అర్థమైంది. అతని ముఖంలో రక్తం చుక్క లేదు. చేయి తుడుచుకోకుండానే లేచి నిలబడి, నడుం వంచి, తల దించాడు. అలాగే ఉండిపోయాడు.

ఎవరూ నమలడం లేదు. ముసలాయన అతని వంగిన వీపు వైపు చూస్తున్నాడు. ఇప్పుడు కర్ర లేస్తుందని నాకు గట్టిగా అనిపించి రెండడుగులు ముందుకు వేశాను. కర్ర లేవలేదు. ఆయన పెదవులు కదులుతున్నాయి గాని మాట రావడం లేదు. ఇంజినీరు చెంపల మీదుగా చెమట కారి నేల మీద పడుతోంది. లేవడం లేదు.

ముసలాయన నా వైపు తిరిగాడు. ఆయన కళ్లలో ఉన్నది కోపం కాదు, భయం.

"లేపేటందుకు ఒక మాట ఉండె బిడ్డా" అన్నాడు. "గది యాదికొస్తలేదు."

నేను సూపర్‌వైజర్ వైపు చూశాను. అతను బిత్తరపోయి కూర్చున్నాడు. ముసలాయనే అతనితో అన్నాడు, "లేవమని చెప్పు కొడుకా. నీకొచ్చిన మాటల్ల చెప్పు. జల్ది చెప్పు."

అతను ఇంగ్లీషులో చెప్పాడు. ఇంజినీరు మెల్లగా లేచాడు. ఏదో అడిగాడు. సూపర్‌వైజర్ తెలుగులో చెప్పాడు, "ఇంకేమన్న చెయ్యమంటవా తాతా అని అడుగుతుండు."

"అన్నం తినమను. సల్లారుతాంది" అని ముసలాయన లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం పొయ్యి కడిగి ఆయన గదికి చాయ్ తీసుకెళ్లాను. మంచం మీద కూర్చుని ఉన్నాడు. "కూసో బిడ్డా" అన్నాడు. నేను గడప మీద కూర్చున్నాను. అడక్కుండానే మొదలుపెట్టాడు.

"మా ఊర్ల దొర గడి ముంగటికెళ్లి పోవాల్నంటె చెప్పులు చేతుల పట్టుకోవాలె, నడుం వంచాలె. వంగి వంగి మా నాయిన నడుము గట్లనే ఉండిపాయె. నేను వంగనని నది దాటిన. కర్నూల్ల తెల్లోళ్లు ఫౌజులకు తీసుకుంటుండిరి. ఆడ దొరికిండు వాడు. ఏటవతలి ఊరోడు. ఇద్దరిది ఒక్క వయసు. ఒక్క కంచంల తిన్నం."

"ఎవరు తాతా?"

"నా దోస్తు." చాయ్ పట్టుకున్నాడు గాని తాగలేదు. "సింగపూర్ల తెల్లోళ్లు చేతులెత్తిరి. మమ్ముల జపానోళ్లకు ఒప్పజెప్పిరి. ఓడల కుక్కి ఏదో దీవికి తోలుకపొయ్యిరి. తవ్వుడు, మోసుడు. పిడికెడు బియ్యం ఇస్తుండిరి దినానికి. పొద్దుగాల లైన్ల నిలవెట్టి 'కేరే' అంటరు. వంగాలె. ఇంకో మాట అంటరు. లేవాలె. ఒకనాడు నేను వంగలే. ఏమైందో నాకే తెల్వదు. గడి యాదికొచ్చింది. గన్ని నీళ్లు దాటొచ్చి మళ్ల వంగుడేంది అనిపించింది."

"కొట్టిన్రా?"

"నన్ను ముట్టలే బిడ్డా. నా పక్కపొంటి ఉన్న గా దోస్తును గుంజుకపొయ్యి కొట్టిరి. నన్ను చూడమనిరి. వాడు వంగిండు. అందరి లెక్కనే వంగిండు. నాకు బదులు వాణ్ణి కొట్టిరి. కొన్ని దినాలు ఉండి పోయిండు. నన్ను ఒక్క మాట అనలే. నీళ్లు తాపుతుంటె నా చెయ్యి పట్టుకున్నడు, గంతే."

వాకిట్లో ఎవరో మెస్ ఉందా అని పిలిచారు. నేను పలకలేదు.

"తెల్లారి లైన్ల అందరికన్న ముందు నేను వంగిన. లడాయి ఒడిసేదాంక వంగిన."

"మరి ఈడికొచ్చినంక ఎందుకు వంగలేదు తాతా?"

"వచ్చినంక గూడ వంగితె, వాడు ఎందుకు సచ్చినట్టు బిడ్డా?"

వాళ్ల ఇంటికి ఎప్పుడన్నా పోయావా అని అడిగాను.

"వచ్చినంక పోయిన. వాళ్లమ్మ, ఒక చిన్న చెల్లె. జరమొచ్చి పోయిండని చెప్పిన. ఆమె ఏడ్చింది. ఏడ్చుకుంటనే నాకు జొన్నరొట్టె చేసి పెట్టింది. కొడుకు దోస్తునని నా తల నిమిరింది. నేను తిన్న. గా రొట్టె తిన్న." చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "అప్పటిసంది నది దాటలే."

మర్నాడు ఇంజినీరు రాడనుకున్నాను. వచ్చాడు. ఒక మూల కూర్చుని తిన్నాడు. పోతూ వంగలేదు, చేయి కొంచెం పైకెత్తాడు. ముసలాయనా ఎత్తాడు. ఇంకొన్నాళ్లకు పని అయిపోయి అతను వెళ్లిపోయాడు.

అతను వెళ్లిన తర్వాత ముసలాయన ఒక పొద్దున మా ఆయన్ని పిలిచి, జీపు తియ్యమన్నాడు. మా ఆయన జీపు కిరాయికి తిప్పేవాడు. ముసలాయన నది అవతల తన దోస్తు ఊరి పేరు చెప్పాడు. ఆ చెల్లెలు ఇంకా ఉందని అటువైపు లారీ డ్రైవరు ఒకతను చెప్పాడట. కూతురు ఫోన్‌లో వద్దంటే వద్దంది. "గిప్పుడు వొయ్యి ఏం చెప్తవ్ నాయినా, ఆ ముసలామెకు ఏమన్న అయితె?" అని ఏడ్చింది. ఆయన వినలేదు. ఒక్కణ్ణి పంపడం ఇష్టం లేక నేనూ ఎక్కాను. వంతెన మీద ఆయన నీళ్ల వైపు చూడలేదు. ముందు సీటు పట్టుకుని రోడ్డు చూస్తూ కూర్చున్నాడు.

ఆమె అరుగు మీద వేరుశనక్కాయలు ఒలుస్తోంది. ఎనభై దగ్గర పడిన మనిషి. ఈయన జీపు దిగి, ఆమె అన్న పేరు చెప్పి, వాని దోస్తునని చెప్పగానే చేటలో చేయి ఆగింది.

"అప్పుడు మా ఇంట్లో రొట్టె తిన్న ఆయప్పవా నువ్వు?" అంది. "మాయమ్మ ఎనకాల దాంకోని చూసినా నిన్ను. కూచోప్పా, కూచో." లోపలికి కేకేసి కోడలికి టీ పెట్టమని చెప్పింది. ఆమె ముఖం వెలిగిపోయింది. చిన్నప్పుడు అన్న ఎలా ఎత్తుకునేవాడో చెప్పడం మొదలుపెట్టింది.

చెప్పకు తాతా, ఆ టీ తాగి వచ్చేయ్ అని ఆయన చొక్కా వెనక నుంచి లాగాను. ఆయన నా చేయి విడిపించుకున్నాడు. ఆమె మాట ఆపేదాకా ఆగి, నిలబడే అంతా చెప్పాడు. ఏదీ తగ్గించలేదు. తన మీద జాలి పుట్టేలా ఒక్క మాట కలపలేదు.

ఆమె చేటలోంచి ఒక కాయ తీసి, ఒలవకుండానే మళ్లీ అందులో వేసింది.

"అంటే మా యన్న జరంతో సావలా?"

"లేదమ్మా."

"నువ్వు చేసినదానికి సచ్చినాడు."

"అవును."

"మాయమ్మ బతికినన్నాళ్లూ జరమొస్తే మందిచ్చేవాళ్లు లేక నా కొడుకు పాయనే అని ఏడ్సింది. ఊర్లో ఎవురికి జరమొచ్చినా కసాయం కాంచుకోని పోతావుండె. రేయనక పగలనక పోతావుండె. వానలో తడుస్తా పోతావుండె." ఆమె గొంతు పైకి లేచింది. "ఇప్పుడు సెప్పు. ఆయమ్మ ఏంటికి కాంచినట్టు?"

ఆమె చేట నెట్టేసి లేచింది. కాయలు వాకిలంతా పడ్డాయి. నోటికొచ్చినట్టు తిట్టింది. మా రొట్టె తినేదానికి నీకు నోరెట్లా వచ్చిందంది. ఇన్నేండ్లు యాడ సచ్చినావంది. మాయమ్మ ఉన్నప్పుడు చెప్పుంటే నీ గొంతు పిసికేది, నేను ముసల్దాన్నయినాంక వచ్చినావంది. ఇరుగుపొరుగు పోగయ్యారు. ఎవరో ఆమెను పట్టుకోబోతే విదిలించుకుంది. ఆయన ఆమె ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఒక్క మాట తప్పించుకోలేదు. తిట్టి తిట్టి ఆయాసం వచ్చి ఆమె కూలబడింది. అప్పుడు కోడలు టీ గ్లాసులతో గడపలో నిలబడి ఉంది, ఇవ్వాలో వద్దో తెలియక.

"ఇచ్చేయ్" అంది ఆమె, కొంగుతో ముఖం తుడుచుకుంటూ. "తాగి పోనీ. మళ్లా రావద్దని సెప్పు."

ఆయన టీ తాగాడు. గ్లాసు కడిగి అరుగు మీద పెట్టి జీపెక్కాడు.

తిరుగు దారిలో మా ఆయన ఉడికిపోతున్నాడు. నది దాటాక ఇక ఆపుకోలేకపోయాడు. "గంత పెద్దమనిషిని నలుగుట్ల నిలవెట్టి గట్ల తిట్టుడేంది? నిజం చెప్పుకుందామని ఇంత దూరం పోతె గిదా మర్యాద?"

ముసలాయన వెనక సీట్లో కళ్లు మూసుకుని ఉన్నాడు. నిద్రపోయాడనుకున్నాం. కళ్లు తెరవకుండానే మాట్లాడాడు.

"తిట్టనియ్యి కొడుకా. వచ్చినకాన్నుంచి ఊరోళ్లు నాకు మొక్కిరి, ఆఫీసోళ్లు శాలువ తెచ్చిరి. వాణ్ణి యాది చేసుకోని, వాని కోసమని నా మీదికి లేసెటోళ్లు ఈ దునియాల ఒక్కరన్న ఉండాలె గద. ఉన్నది. ఇయ్యాల చూసిన."